రెండు వెంచర్ల నడిమి గోడ

మెదక్ చుట్టూ ఉన్న పొలాలను ముక్కలు చేసిన చేతుల్లో నాదీ ఒకటి. బస్టాండు వెనక సందులో నాకొక గది ఉండేది. అందులో ఒక ఏటవాలు బల్ల, ఒక ట్యూబులైటు, మూలకు చుట్టి నిలబెట్టిన ట్రేసింగ్ కాగితాలు. ఎవరైనా తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముకోవాలంటే ముందు నా దగ్గరికొచ్చి నక్షా గీయించుకోవాలి. రోడ్డెక్కడ, ప్లాటెక్కడ, మురుగు పోయే మోరీ ఎక్కడ అనేది నేను గీస్తాను, ఆఫీసులో ముద్ర పడుతుంది, ఆ తర్వాత జేసీబీ దిగుతుంది. ముప్పై ఏళ్లు అదే పని చేశాను. కాబట్టి ఈ ఊరు ఇప్పుడున్న తీరు చూసి తిట్టే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదని నా నమ్మకం. తిడతాను కూడా.

ముందు వచ్చేవాళ్ల సంగతి చెప్పాలి. తాత దున్నిన పొలం, తండ్రి కౌలుకిచ్చిన పొలం, ఈయన గజాల్లో కొలిచి అమ్మడానికి బయలుదేరతాడు. తెల్ల చొక్కా, చేతికి కడియం, రేపు ఏదో ఒక పదవికి నిలబడాలన్న ఆశ. వచ్చి కూర్చుని అడిగే మొదటి మాట నీళ్ల గురించి కాదు, వానొస్తే ఆ నీళ్లు ఎటు పోతాయన్నదీ కాదు. "సార్, ఏ ప్లాటుకు గూడ వీధి పోటు రాకుండ గీయుండ్రి" అంటాడు.

వీధి పోటు తెలియనివాళ్లు మా దగ్గర ఉండరు గానీ, పొరపాటున ఉంటే చెబుతాను. ఒక రోడ్డు నేరుగా వచ్చి మీ ఇంటికి ఎదురుగా ఆగిందనుకోండి, ఆ రోడ్డు మీ ఇంటిని పొడిచినట్టు లెక్క. ఏ మూల పొడిస్తే ఏ కీడో వాస్తు చెప్పేవాళ్ల దగ్గర పట్టిక ఉంటుంది. ఈశాన్యం పక్క తగిలితే మంచిదేనట, కలిసొస్తుందట. నైరుతి పక్క తగిలితే ఇల్లు మునిగినట్టేనట. అందులోనూ పడమటి నైరుతి అయితే మగవాళ్లకు, దక్షిణ నైరుతి అయితే ఆడవాళ్లకు. డాంబరు రోడ్డుకు ఆడామగా తేడా కూడా తెలుసన్నమాట!

రోడ్డన్నాక ఎక్కడో ఒకచోట ఇంకో రోడ్డును కలవాలి. కలిసినచోట ఎదురుగా ఎవరిదో ఒక ఇల్లుంటుంది. ఆ ఇల్లు వీళ్లకు పనికిరాదు. అందుకని పోటు పడే ముక్క మీద నేను 'పార్కు' అని రాసేవాణ్ని. ఎలాగూ కొంత జాగా పార్కుకు వదలాలి కాబట్టి, ఎవడూ కొనని ముక్కను వదిలేస్తే ఓనరుకు తృప్తి. మా కొత్త కాలనీల్లో పార్కులు ఎందుకు రోడ్ల చివర్లో, వంకర మూలల్లో, తుమ్మచెట్లతో ఉంటాయో దీన్నిబట్టి తెలుసుకోండి. పార్కుతో పని జరగకపోతే రోడ్డునే మధ్యలో ఆపేయమనేవాళ్లు. ఆపేసేవాణ్ని.

సర్కారు నియమాల్లో ఇంకొకటి కూడా ఉంది. ఒక వెంచర్ రోడ్డు పక్కవాడి పొలం హద్దుదాకా పోవాలి. రేపు పక్కవాడూ వెంచర్ చేస్తే ఆ రోడ్డూ ఈ రోడ్డూ కలవాలి. కాగితం మీద నేను అలాగే గీసేవాణ్ని. నేల మీదికొచ్చేసరికి సరిగ్గా ఆ హద్దు దగ్గరే గోడ లేచేది. ఎందుకయ్యా అంటే, పక్క వెంచర్‌వాళ్లు మన రోడ్డు వాడుకుంటారట. వాడుకుంటే అరుగుతుందా? పైగా అవతలి రోడ్డు వచ్చి కలిస్తే ఇవతల ఎవడి ఇంటికో పోటు. ఒక్కో వెంచర్‌కు ఒక్కో సిమెంటు కమాను, కమాను మీద ఏనుగులు, లోపల నాలుగు రోడ్లు, నాలుగూ గోడకు కొట్టుకుని ఆగిపోవాల్సిందే. ఒక్కొక్కటి ఒక్కొక్క సంచి, మూతి మాత్రం హైదరాబాద్ రోడ్డు మీద. పక్కింటి కుక్కర్ విజిల్ వినబడుతుంది, ఆ ఇంటికి పోవాలంటే మాత్రం లారీల మధ్యకెళ్లి, రెండు కమాన్లు దాటి రావాలి. ఊరు పెరిగిందట! రోడ్లు పెరిగాయి, తోవలు తగ్గాయి.

కొనేవాళ్లేమన్నా తక్కువా? ఆదివారం పూట ఏజెంట్లు హైదరాబాద్ నుంచి కార్లలో ఎక్కించుకొస్తారు. నర్సాపూర్ అడవిలో కోతులకు అరటిపళ్లు, ఏడుపాయల్లో అమ్మవారి దర్శనం, మంజీరలో కాళ్లు కడుక్కోవడం, ఆ తడి కాళ్లతోనే ప్లాటు చూపించి అడ్వాన్సు. భక్తి దిగకముందే సంతకం అయిపోవాలి. వాళ్లలో ఇల్లు కట్టుకునేవాడు పదిమందిలో ఒకడు. మిగతావాళ్లు హద్దురాళ్లకు పసుపు రంగేసి వెళ్లిపోతారు, మళ్లీ కనబడరు. వాళ్ల ప్లాట్లలో పిచ్చి తుమ్మ కాపురం ఉంటుంది.

నేను పుట్టింది ఖిల్లా కింది గల్లీల్లో. ఆ గల్లీలను నాలాంటివాడెవడూ గీయలేదు కాబట్టే బాగున్నాయి. మా ఇంట్లోంచి బయటపడితే బజారుకు మూడు తోవలు, బస్టాండుకు నాలుగు. ఒక గల్లీలో పెళ్లి పందిరేస్తే ఇంకో గల్లీ నుంచి పోయేవాళ్లం. ఎవరితోనైనా మాటలు లేకపోతే వాళ్ల వాకిలి తగలకుండా పోవడానికి కూడా ఒక తోవ ఉండేది. ప్రతి గల్లీ నేరుగా పోయి ఎవరో ఒకరి గుమ్మానికి తగిలేది. అంటే సగం ఊరికి వీధి పోటే. అయినా జనం పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, ముసలివాళ్లయి పోయారు.

మా అక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ బీడీలు చుట్టుకుంటూ కూర్చుంటే నన్ను చంకనేసుకుని ఆ గల్లీలన్నీ తిప్పింది ఆవిడే. పెళ్లయినా దూరం పోలేదు, మూడు గల్లీల అవతలికే ఇచ్చారు. బావ రైసుమిల్లులో పనిచేసేవాడు, చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. అక్క కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని జాకెట్లు కుడుతూ బతికింది. మిషన్ తొక్కుతూ తల ఎత్తకుండానే, చెప్పుల సప్పుడు బట్టి పోయేది ఎవరో చెప్పేది. "ఏం పిల్లా, మీ అత్త జరం తగ్గిందా?" అని కిటికీలోంచే పలకరించేది. గల్లీలో ఎవరికి ఏం కావాలన్నా అక్క కిటికీ దగ్గర అడిగితే తెలిసేది.

మెదక్ జిల్లా కేంద్రం అయ్యాక అందరికీ పిచ్చి ముదిరింది, నాకూ ముదిరింది. నేను గీసిన వెంచర్‌లోనే, అందరూ వద్దన్న దక్షిణం ముఖం ప్లాటు కొన్నాను. "దక్షిణం ముఖమా సార్, గింత చదువుకొని?" అని ఓనరే నోరు నొక్కుకున్నాడు. చదువుకున్నాను కాబట్టే కొన్నానన్నాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ అదే మాట చెప్పి మరీ నవ్వాను. దిక్కులకు భయపడేవాళ్లంటే నాకు అంత చులకన.

తర్వాత కొన్నాళ్లకు మా ఇంటి ముందు రోడ్డుకు అవతలున్న పొలం కూడా వెంచర్ అయింది. దాని నక్షా కూడా నా బల్ల మీదికే వచ్చింది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. అక్కకు ఒంట్లో ఓపిక తగ్గుతోంది, మోకాళ్ల నొప్పులు, ఒక కంటికి ఆపరేషన్ కూడా అయింది. ఆ గల్లీ ఇల్లు అమ్మేసి ఇక్కడ చిన్న ప్లాటు కొనుక్కుని రెండు గదులు వేసుకుంటే నా కళ్లెదురుగా ఉంటుంది కదా. అక్క మొదట ఒప్పుకోలేదు.

"గాడ మనిషి పొడ ఉంటదా తమ్మీ? నాకు జనం నడుమ కూసునుడు అలవాటు."

"మీ ఇంటికాడికెల్లి చూస్తే మా గేటు కనబడ్తది అక్కా. రోడ్డు గట్ల గీస్త. ముప్పై నలభై అడుగులేస్తే మా ఇంట్ల ఉంటవ్. రోజూ బువ్వ ఒక్కతానే తిందాం."

అలాగే గీశాను. ఆ వెంచర్ నడిమి రోడ్డును దక్షిణం నుంచి తిన్నగా లాగి, హద్దు దాటించి, నా గేటుకు కాస్త పడమర వారగా తగిలేలా పెట్టాను. కాగితం చూసిన ఓనరు ఉలిక్కిపడ్డాడు. "సార్, మీ ఇంటికే దక్షిణ నైరుతి పోటు పడ్తది, చూసుకున్నరా?" అన్నాడు. నాకు పోటూ లేదు గీటూ లేదు, నేను గీసినట్టు రోడ్డెయ్యి అన్నాను. వాడి మొహంలో భయం చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అక్క నా మాట పట్టుకుని గల్లీ ఇల్లు అమ్మేసి, ఆ రోడ్డు చివరి ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకుంది.

ఒక సంవత్సరం మేం అనుకున్నట్టే గడిచింది. రోడ్డింకా మట్టి రోడ్డే. పొద్దుగాల టీ వేళకు అక్క చెప్పులు టపటపలాడించుకుంటూ ఎదురుగా వచ్చేది. గేటు దగ్గర నిలబడి చూస్తే ఆవిడ తన తలుపుకు గొళ్లెం పెట్టడం దగ్గర నుంచి కనబడేది. ఆ సంవత్సరమే మా ఆవిడకు కడుపులో గడ్డ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చాక మూడు నెలలు మంచం దిగలేదు. ఆ మూడు నెలలూ రోజుకు నాలుగుసార్లు ఆ రోడ్డు మీద నడిచి వచ్చి జావ తాగించింది, తల దువ్వింది, గుడ్డలుతికింది మా అక్క. అది ఎన్నటికీ మరిచిపోకూడని సంగతి. అందుకే రాస్తున్నాను.

తర్వాత ఒకనాడు మా ఆవిడను డాక్టరుకు చూపించడానికి హైదరాబాద్ వెళ్లి రెండు రోజులకు తిరిగొచ్చేసరికి గేటు ఎదురుగా గోడ. సిమెంటు ఇటుకలతో మనిషి ఎత్తుకు మించి లేచింది. వెంచర్ చుట్టూ కట్టినవాడు నా రోడ్డును కూడా కలిపి మూసేశాడు. వెళ్లి ఓనరును పట్టుకున్నాను.

"ఏందిది? నక్షాల రోడ్డున్నది గద!"

"నక్షా నక్షానే సార్. గోడ లేకపోతే గేటెడ్ కమ్యూనిటీ ఎట్లయితది? హైదరాబాదోళ్లు గోడ అడుగుతున్నరు."

"గేటేది?"

"పెడ్తం సార్, జర ఆగుండ్రి."

గేటు ఈనాటికీ లేదు. కమాను కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాంట్లో వాచ్‌మన్‌ను నేను ఎన్నడూ చూడలేదు. కమాను కింది నుంచి మేకలు, గొర్రెలు, ట్రాక్టర్లు, దొంగలు అందరూ పోవచ్చు. పోలేనిది మా అక్క ఒక్కతే.

ఇంతకుముందు నలభై అడుగుల్లో వచ్చే మనిషి ఇప్పుడు వెనక్కి తిరిగి, వాళ్ల వెంచర్ అంతా నడిచి, కమాను దాటి, హైదరాబాద్ రోడ్డు అంచున కంకర మీద లారీల గాలికి ఊగుతూ నడిచి, మా కమానులోకి తిరిగి, మళ్లీ ఇక్కడిదాకా రావాలి. మోకాళ్లు ఒప్పుకోవు, ఒక కన్ను సరిగా ఆనదు. ఆటో కోసం నిలబడితే ఇంత దగ్గరకు ఎవడూ రాడు. నేను స్కూటర్ మీద వెళ్లి తెచ్చేవాణ్ని గానీ, రోజుకు నాలుగుసార్లు వచ్చిపోయే మనిషిని రోజుకొకసారి మోసుకొచ్చి దించితే అది రాకపోకలనిపించుకుంటుందా? స్కూటరెక్కి దిగడానికి మోకాళ్లు సహకరించక ఆవిడే అదీ మానుకుంది. కొన్నాళ్లు ఆవిడ అటు పెయింటు డబ్బా ఎక్కి, నేను ఇటు స్టూలు ఎక్కి కూరగిన్నెలు అందించుకున్నాం. అది చూసి ఎవడో మహానుభావుడు గోడ మీద గాజు పెంకులు పాతించాడు. దాంతో గిన్నెలు పోయి మాటలు మిగిలాయి.

"తమ్మీ, ఉన్నవా?" అని గోడ అవతల నుంచి పిలిచేది. ఉన్నానని అరిచేవాణ్ని. "మరదలు తిన్నదా?" తిన్నదని అరిచేవాణ్ని. అంతే. ఆ తర్వాత, "గీడ పొద్దంత మనిషి అడుగు సప్పుడు లేదు తమ్మీ. మిషన్ సప్పుడు నాకే భయమైతున్నది" అనేది. చుట్టూ ఖాళీ ప్లాట్లు, పసుపు రాళ్లు. ఎటూ పోని రోడ్డు మీద ఎవరు నడుస్తారు? ఆవిడకు జాకెట్లు ఇచ్చేవాళ్లూ తగ్గిపోయారు.

మునిసిపల్ ఆఫీసుకు నక్షా పట్టుకుని వెళ్లాను. ఆ మంత్రి, ఈ మంత్రి పేరు చెప్పి తిప్పుతారేమోనని గొడవకు సిద్ధపడే వెళ్లాను. తీరా చూస్తే అక్కడి అధికారి కుర్రవాడు, మంచివాడు. నక్షా అంతా చూసి, "గోడ తప్పే సార్, తీసేస్తం. కానీ రోడ్డు తెరిస్తే ఎదురింటికి పోటంటరు, వాళ్లు కోర్టుకు పోతరు, మస్తు పరేషాన్ చేస్తరు. ఎదురింటాయనతోని అభ్యంతరం లేదని గీ కాయితం మీద సంతకం తీసుకొని రాండ్రి. వారంల గోడ ఉండది" అన్నాడు.

"ఎదురిల్లు నాదే" అన్నాను.

ఆయన నవ్వి పెన్ను తీసి ఇచ్చాడు. "ఇంకేంది మరి, పెట్టుండ్రి."

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పెన్ను తీసుకున్నాను. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను, చదివి రేపు తెస్తానన్నాను. అద్దాలు నా చొక్కా జేబులోనే ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు కూడా, మర్యాదస్తుడు కాబట్టి కాగితం నా చేతికిచ్చి పంపాడు.

ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా మా ఆవిడ పప్పులో రాళ్లు ఏరుతోంది. ఆరోజే మొదటిసారి తనంతట తాను లేచి పొయ్యి వెలిగించింది. నా బుర్రలో ఒక లెక్క దానంతట అదే సాగింది. రోడ్డు తెరిచి ఉన్న సంవత్సరం ఆమె మంచాన పడింది. గోడ లేచాక కోలుకుంది. దక్షిణ నైరుతి ఆడవాళ్లకు. ఛీ, ఇదేం లెక్క? కోసింది డాక్టరు, గడ్డ తీసింది డాక్టరు, జావ పోసి నిలబెట్టింది అక్క. గోడ ఏం చేసింది? ఇవన్నీ నాకు తెలుసు. ఎదుటివాడికైతే అరగంటలో నచ్చజెప్పి, మీదినుంచి నవ్వి పంపేవాణ్ని. సంతకం మాత్రం పెట్టలేకపోయాను. ముప్పై ఏళ్లు ఊరందరి భయాన్నీ కాగితం మీద గీస్తూ గీస్తూ ఉంటే అది నా లోపలికి ఎప్పుడు దిగిందో దిగింది. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఆ గింజను నేనే. కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను.

వచ్చే నెల స్కాన్ ఉంది, అది అయ్యాక పెడదాం అనుకున్నాను. స్కాన్ బాగా వచ్చింది. బాగా వచ్చాక మరింత భయం పట్టుకుంది. బాగున్నదాన్ని కదిలించడం ఎందుకు, ఆరు నెలలకు ఇంకోటి ఉంది, అదీ అయ్యాక చూద్దాం అనుకున్నాను. మా ఆవిడకు ఈ సంగతేదీ తెలియదు. "వదినె రాక ఎన్నొద్దులాయె, జర తోలుకరాండ్రి" అని ఆమె అంటూనే ఉండేది.

అక్కకు గోడ మీదుగా అబద్ధాలు చెప్పేవాణ్ని. ఫైలు మీదికి పోయిందనేవాణ్ని. ఆఫీసరు లీవులో ఉన్నాడనేవాణ్ని. కొత్త రూలేదో వచ్చిందట, కనుక్కుంటున్నాననేవాణ్ని. అంత మంచి కుర్రవాణ్ని పట్టుకుని, "గా ఆఫీసోళ్లు గంతే అక్కా, పని చేసే మొహాలు కావు" అని తిట్టేవాణ్ని. ఊళ్లోవాళ్లను తిట్టడం నాకు అలవాటే కాబట్టి ఆవిడకు అనుమానం రాలేదు.

ఒకనాడు గోడ అవతల నుంచి గొంతులో ఎంతో ఆశతో చెప్పింది. "తమ్మీ, ఏడుపాయల అమ్మకు మొక్కుకున్న. గీ గోడ పడితే బోనమెత్తుకొని గాడికి నడిచొస్త అని."

"నీ మోకాళ్లతోనా? అమ్మవారికి గోడలు కూలగొట్టుడు తప్ప వేరే పని లేదా?" అని గట్టిగా నవ్వాను. అవతల ఆవిడ కూడా నవ్వింది.

చలికాలంలో ఒకరోజు పిలుపు రాలేదు. రెండో రోజూ రాలేదు. స్కూటర్ వేసుకుని వెళ్లాను. తలుపుకు తాళం ఉంది, కిటికీలోంచి చూస్తే మిషన్ లేదు. పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీ, "అమ్మ ఆటోల సామాను పెట్టుకొని టౌన్లకు పోయింది సార్. మీకెరుక లేదా?" అన్నాడు.

అక్క పాత గల్లీలోనే దొరికింది. తను అమ్ముకున్న ఇల్లు కాదు, దానికి నాలుగిళ్ల ఇవతల ఒక గది కిరాయికి తీసుకుంది. తన ఊళ్లో, తన గల్లీలో, ఆ వయసులో కిరాయిదారు. కిటికీ పక్కన మిషన్ అప్పుడే వేసేసుకుంది. ఇద్దరు ఆడవాళ్లు జాకెట్ కొలతలు ఇస్తున్నారు. నన్ను చూసి, "కూసో తమ్మీ" అంది. వాళ్లు వెళ్లేదాకా కొలతలు తీసుకుంటూనే ఉంది.

"చెప్పకుండ వచ్చినవేంది అక్కా?" అన్నాను. కాస్త కోపంగానే అన్నాను, నా సిగ్గులేనితనం అలాంటిది.

"ఆఫీసుకు పోయిన" అంది. "నీకు తిరిగి తిరిగి కాళ్లరుగుతున్నయి గదా, ముసలిదాన్ని చూసి జర దయ తలుస్తరేమో, నేనే అడుగుదామని పోయిన. గా పిల్లగాడు మంచిగ కూసోబెట్టి నీళ్లిచ్చిండు. నీ సంతకం ఒక్కటే ఆగిందని చెప్పిండు."

మిషన్ మీదున్న జాకెట్ ముక్కను అక్క ఒళ్లోకి తీసుకుంది.

"ఎందుకు పెట్టలేదో నాకు సమజైంది. మరదలి కోసమే భయపడ్డవ్. గది తప్పని నేను అనను. దానికేమన్నయితే నేను తట్టుకుంటనా? గదే ముక్క గోడ మీదికెల్లి ఒర్రి చెప్తే, వద్దు తమ్మీ, గోడ ఉండనీ అని నేనే అంటుంటి." జాకెట్ ముక్కను మోకాలి మీద సాఫు చేసింది. "నేను మొక్కుకున్ననాడు నవ్వినవ్ గదా. గప్పుడు గా కాయితం యాడుండె?"

"బీరువాల" అన్నాను.

అక్క కళ్లు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, నా మీద నాకు రోత వచ్చింది. దేవుడికి మొక్కినవాళ్లను, దిక్కులకు భయపడినవాళ్లను, గోడలు కట్టినవాళ్లను ఇన్నేళ్లు తిట్టాను గానీ, వాళ్లెవరూ మా అక్కను ఇంత మోసం చేయలేదు. ఆ ఓనరు గోడను కనీసం కంటికి కనబడేలా కట్టాడు.

"ఇప్పుడే పోయి పెడ్త అక్కా. ఒట్టు. వారంల గోడ తీపిస్త, నువ్వు రా" అన్నాను.

"వద్దు తమ్మీ" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ. కన్ను ఆనక రెండుసార్లు తప్పింది. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టి తనే ఎక్కించింది. "ఇయ్యాల పెడితివనుకో, రేపు మరదలికి పడిశం పట్టినా నీకు నేనే యాదికొస్త. నోటితోని అనవ్, కడుపుల అనుకుంటవ్. నేను నీ గేటు తీసుకొని వస్తుంటే నువ్వు నా మొహం ఎట్ల చూస్తవో నాకెరుక. నాకు గా బతుకొద్దు."

అట్లేం కాదక్కా అనాలి. అని ఉంటే అది ఇంకో అబద్ధమయ్యేది. అక్క కాసేపు నా మొహంలోకి చూసి, తల వంచుకుని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.